అసలు కంటే కొసరు ఎక్కువైతే: మోటారు రేసుల్లో ఆర్భాటంపై అభిమానుల అసహనం

2023 నవంబరు 15న అమెరికాలోని లాస్ వేగాస్‌లో ఫార్ములా వన్ రేసుకు ఘనమైన ప్రారంభోత్సవం జరిగింది. కైలీ మినోగ్, జాన్ లెజెండ్ వంటి గాయకులు పాడారు. కాంతి ప్రదర్శనల నడుమ, పైకి లేచే వేదికలపై డ్రైవర్లను నిలబెట్టి ప్రేక్షకులకు చూపించారు. మరునాటి రాత్రి అసలు కార్లు రోడ్డెక్కాయి. సాధన మొదలై పది నిమిషాలైనా గడవకముందే రోడ్డు మీది నీటి వాల్వు మూత ఊడి, కార్లోస్ సైన్జ్ నడుపుతున్న ఫెరారీ కారు అడుగుభాగాన్ని ఛిద్రం చేసింది. ఆ విడత అంతటితో ఆగిపోయింది.

తరువాతి విడత తెల్లవారుజామున 2.30 గంటలకు గానీ మొదలుకాలేదు. దానికి గంట ముందే ప్రేక్షకులను బయటకు పంపేశారు. భద్రతా సిబ్బంది పనిగంటలు, రవాణా ఏర్పాట్లు అందుకు కారణాలని నిర్వాహకులు చెప్పారు. ఆ ఒక్కరోజుకే టికెట్ కొన్నవారు డబ్బు పెట్టి చూసింది పది నిమిషాలలోపు రేసింగు మాత్రమే. వారికి 200 డాలర్ల విలువైన కూపన్ ఇవ్వజూపారు. దానితో రేసు దుకాణంలో టోపీలు, చొక్కాలు కొనుక్కోవచ్చు. టికెట్ డబ్బు వాపసు కోరుతూ కొందరు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. తన తప్పేమీ లేని సైన్జ్‌కు, దెబ్బతిన్న బ్యాటరీని మార్చినందుకు నిబంధనల ప్రకారం పది స్థానాల జరిమానా పడింది. మినహాయించే అధికారం తమకు లేదని స్టీవార్డులు స్పష్టం చేశారు.

వేదికలు సమయానికి సిద్ధమయ్యాయి, రోడ్డు సిద్ధం కాలేదు. కొన్నేళ్లుగా మోటారు రేసుల అభిమానుల్లో పెరుగుతున్న అసహనానికి ఆ రాత్రి ఒక ప్రతీకగా నిలిచిపోయింది. అప్పటి ప్రపంచ విజేత మాక్స్ వెర్‌స్టాపెన్ ఆ వారాంతాన్ని 99 శాతం ప్రదర్శన, 1 శాతం క్రీడ అని అభివర్ణించారు. అయితే చివరికి జరిగిన రేసు ఉత్కంఠభరితంగా సాగింది. ఆఖరి ల్యాపులో షార్ల్ లెక్లెర్క్ రెండో స్థానాన్ని చేజిక్కించుకున్నారు. గెలిచిన వెర్‌స్టాపెన్ స్వయంగా రేడియోలో పాట అందుకున్నారు. రేసు బాగున్నప్పుడు దానికి ఇన్ని హంగులు ఎందుకన్న ప్రశ్నకు ఆ ముగింపు మరింత బలం చేకూర్చింది.

మార్పు ఎలా మొదలైంది?

2017 జనవరిలో అమెరికాకు చెందిన లిబర్టీ మీడియా సంస్థ ఫార్ములా వన్‌ను స్వాధీనం చేసుకుంది. దశాబ్దాల పాటు ఆ క్రీడను శాసించిన బెర్నీ ఎకెల్‌స్టన్ తప్పుకున్నారు. ప్రతి రేసునూ ఒక మహోత్సవంగా మార్చాలన్నది కొత్త యాజమాన్యపు ఆలోచన. అదే ఏడాది ఆస్టిన్ రేసులో బాక్సింగ్ ప్రయోక్త మైకేల్ బఫర్ డ్రైవర్లను ఒక్కొక్కరినీ పరిచయం చేశారు. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైన ‘డ్రైవ్ టు సర్వైవ్’ ధారావాహిక, రేసులు ఎన్నడూ చూడని వారిని కూడా ఈ క్రీడ వైపు తిప్పింది. ముఖ్యంగా యువతను, మహిళలను ఆకట్టుకుంది.

ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. 2017లో సుమారు 178 కోట్ల డాలర్లుగా ఉన్న ఫార్ములా వన్ ఆదాయం 2023 నాటికి సుమారు 322 కోట్ల డాలర్లకు చేరింది. అమెరికాలో ఒక్కటిగా ఉన్న రేసులు మూడయ్యాయి. 2024 నాటికి ఏడాదికి 24 రేసులయ్యాయి. బ్రిటన్‌లోని సిల్వర్‌స్టోన్‌కు 2023లో మూడు నాలుగు రోజుల్లో కలిపి 4 లక్షల 80 వేల మంది వచ్చారు. కాబట్టి హంగామా వల్ల జనం పారిపోతున్నారన్న వాదన నిలవదు. జనం వస్తున్నారు. వచ్చినవారికి ఏమి అందుతోంది, ఏళ్ల తరబడి వస్తున్నవారు ఏమి కోల్పోతున్నారు అన్నదే చర్చ.

ఆర్భాటం ఈ క్రీడకు కొత్త కాదన్నదీ నిజమే. 1981, 1982లో లాస్ వేగాస్‌లోనే ఒక జూద గృహం వాహనాలు నిలిపే స్థలంలో ఫార్ములా వన్ రేసులు నడిపారు. రేసుల్లో ఉత్కంఠ కోసం ట్రాక్ మీద కృత్రిమంగా వాన కురిపిస్తే బాగుంటుందని 2011లో ఎకెల్‌స్టన్ సూచించారు. కార్ల పక్కన అందగత్తెలను నిలబెట్టే ఆనవాయితీకి 2018లో గానీ తెరపడలేదు. పాత రోజులన్నీ స్వచ్ఛమైన క్రీడారోజులేనని భావించడం సరికాదు. మారింది ఆర్భాటపు పరిమాణం, అది చొచ్చుకువచ్చే చోటు.

మూడు వలయాలు

అభిమానుల అసహనాన్ని ఒకే గాటన కట్టలేము. వినోదం రేసుకు ఎంత దూరంలో ఉందన్న దాన్నిబట్టి దానిని మూడు వలయాలుగా చూడవచ్చు.

మొదటి వలయం రేసు చుట్టూ జరిగే సందడి. 2023 మయామీ రేసుకు ముందు రాపర్ ఎల్ఎల్ కూల్ జే డ్రైవర్లను పరిచయం చేయగా, విల్ ఐ యామ్ వాద్యబృందాన్ని నడిపించారు. ఎండలో బరువైన అగ్నినిరోధక దుస్తులతో, రేసుకు మానసికంగా సిద్ధమయ్యే వేళలో, వేదిక మీద నిలబడవలసి రావడాన్ని లాండో నోరిస్, జార్జ్ రసెల్ వంటి డ్రైవర్లు తప్పుబట్టారు. లూయిస్ హామిల్టన్ మాత్రం కొత్త ప్రయత్నాలను స్వాగతించారు. రెండేళ్ల తరువాత అదే మయామీలో లెగో ముక్కలతో నిర్మించిన, నిజంగా నడిచే కార్లలో డ్రైవర్లు ప్రేక్షకుల ముందు ఊరేగారు. ఈసారి డ్రైవర్లూ నవ్వారు, ప్రేక్షకులూ నవ్వారు. తేడా స్పష్టం. రెండోది ఎలాగూ ఉండే ఊరేగింపును సరదాగా మార్చింది. మొదటిది డ్రైవర్ల ఏకాగ్రత సమయంలోకి జొరబడింది. ఈ వలయంలో కలిగేది చిరాకు మాత్రమే. రేసు మొదలవగానే అది చాలావరకు మరుగున పడుతుంది.

రెండో వలయం ప్రేక్షకుడి చూపుకు సంబంధించినది. 2025 అక్టోబరులో సింగపూర్ రేసును వెనుక వరుస నుంచి మొదలుపెట్టిన సైన్జ్ పదో స్థానంలో ముగించారు. తాను దాటిన కార్లలో కొన్నింటిని ప్రసారంలో చూపనే లేదని ఆయన ఆక్షేపించారు. బ్రేకులు దెబ్బతిన్న హామిల్టన్ కారును ఫెర్నాండో అలోన్సో చివరి ల్యాపుల్లో వెంటాడిన తీరు కూడా సరిగా కనబడలేదన్నారు. కెమెరాలు డ్రైవర్ల స్నేహితురాళ్ల వైపు, గ్యాలరీలోని ప్రముఖుల వైపు మితిమీరి తిరుగుతున్నాయన్నది ఆయన ఫిర్యాదు సారాంశం. అభిమానులు అప్పటికే అనుకుంటున్న మాటను ఒక డ్రైవర్ బహిరంగంగా అన్నారు.

ఈ ఫిర్యాదు బరువు తెలియాలంటే మోటారు రేసు స్వభావాన్ని గుర్తుంచుకోవాలి. క్రికెట్‌లో బంతి ఎక్కడుంటే ఆట అక్కడే ఉంటుంది. ఐదారు కిలోమీటర్ల పొడవున్న రేసు దారిలో ఎన్నో కార్లు ఒకేసారి ఎన్నో కథలు నడుపుతుంటాయి. గ్యాలరీలో కూర్చున్నవాడికి ఒక మలుపే కనిపిస్తుంది. మొత్తం రేసును చూపగలిగేది ప్రసారం ఒక్కటే. ఆ కెమెరా ఐదు క్షణాలు పక్కకు తిరిగినా, ఆ ఐదు క్షణాల్లో జరిగిన ఓవర్‌టేక్ ప్రేక్షకుడి వరకు జరగనట్టే.

టికెట్ కొన్నవారి హక్కులు కూడా ఈ వలయంలోనివే. 2021 ఆగస్టు 29న బెల్జియంలోని స్పాలో వేలాది మంది గంటల తరబడి వానలో తడుస్తూ వేచి చూశారు. చివరికి సేఫ్టీ కారు వెనుక వరుసగా కొన్ని ల్యాపులు తిప్పి, ఒక్క కారు మరొక దానితో పోటీపడకుండానే రేసు ముగిసిందని ప్రకటించారు. డ్రైవర్లకు సగం పాయింట్లు ఇచ్చారు. వాన ఎవరి చేతుల్లోనూ లేదు. కానీ జరగని రేసును జరిగినట్టు లెక్కకట్టడం మనుషుల నిర్ణయం. ఆ తరువాత పాయింట్ల కేటాయింపు నియమాన్ని మార్చవలసి వచ్చింది.

మూడో వలయం అత్యంత లోపలిది, అత్యంత ప్రమాదకరమైనది. అక్కడ వినోదం ఫలితాన్నే తాకుతుంది.

అబూధాబీ నీడ

2021 డిసెంబరు 12న అబూధాబీలో హామిల్టన్, వెర్‌స్టాపెన్ సమాన పాయింట్లతో చివరి రేసుకు దిగారు. రేసు చివరి దశ వరకు హామిల్టన్‌దే ఆధిక్యం. మరో ఐదు ల్యాపులు మిగిలి ఉండగా నికోలస్ లతీఫీ కారు ప్రమాదానికి గురికావడంతో సేఫ్టీ కారు వచ్చింది. ఒక ల్యాపు వెనుకబడిన కార్లలో హామిల్టన్‌కు, వెర్‌స్టాపెన్‌కు మధ్యనున్న ఐదింటిని మాత్రమే ముందుకు పోనిచ్చి, రేస్ డైరెక్టర్ మైకేల్ మాసీ చివరి ఒక్క ల్యాపు కోసం రేసును తిరిగి ప్రారంభించారు. కొత్త టైర్లతో ఉన్న వెర్‌స్టాపెన్ హామిల్టన్‌ను దాటి ప్రపంచ విజేత అయ్యారు.

అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య 2022 మార్చిలో వెలువరించిన నివేదిక దీనిని మానవ తప్పిదంగా పేర్కొంది. నిర్ణయం సదుద్దేశంతోనే తీసుకున్నారని, ఫలితం చెల్లుతుందని తెలిపింది. అంతకుముందే మాసీని ఆ బాధ్యత నుంచి తప్పించారు. అయినా అభిమానుల మనసులో నాటుకున్న సందేహం తొలగలేదు. రేసులు వీలైనంత వరకు సేఫ్టీ కారు వెనుక కాకుండా పోటీలోనే ముగియాలన్న అభిప్రాయం జట్ల మధ్య ముందునుంచీ ఉంది. ఉత్కంఠభరితమైన ముగింపు కావాలన్న ఆ కోరిక నియమం కంటే ముందుకు వచ్చిందా అన్నదే ఆ సందేహం.

అబూధాబీ తరువాత ప్రతి హంగూ ఆ నీడలోనే కనబడుతోంది. రాపర్ పరిచయం, బాణసంచా, స్ప్రింట్ రేసు వేర్వేరు విషయాలే. కానీ కార్యక్రమాన్ని రక్తికట్టించాలన్న తపన ఎక్కడ ఆగుతుందో నిర్వాహకులు స్పష్టంగా గీత గీయనంత కాలం, అభిమాని అన్నింటినీ ఒకే దారిలోని అడుగులుగా చూస్తాడు. 2021లో మూడు వారాంతాలతో మొదలైన స్ప్రింట్ రేసులు 2023 నాటికి ఆరయ్యాయి. 2025లో మొనాకోలో రేసు రక్తి కట్టడం కోసం టైర్ల మార్పును కనీసం రెండుసార్లు తప్పనిసరి చేశారు. దాంతో కొన్ని జట్లు తమ ఒక కారుకు వీలు కల్పించేందుకు మరో కారును కావాలని నెమ్మదిగా నడిపించాయి. వేగం పెంచడానికి తెచ్చిన నియమం వేగం తగ్గించే ఎత్తుగడకు దారితీసింది.

భారతీయ ప్రేక్షకులకు ఈ తేడా కొత్తది కాదు. ఐపీఎల్‌లో చీర్‌లీడర్లు, డీజే పాటలు బౌండరీ అవతలి సంగతులు. నచ్చనివారు కళ్లు తిప్పుకోవచ్చు. 2023లో వచ్చిన ఇంపాక్ట్ ప్లేయర్ నియమం మాత్రం ఆట లోపలిది. అది ఆల్‌రౌండర్ల ఎదుగుదలకు మేలు చేయదని రోహిత్ శర్మ 2024లో బహిరంగంగానే చెప్పారు. బౌండరీ అవతలి వినోదానికీ, ఇవతలి వినోదానికీ ఉన్న ఈ తేడాయే రేసుల వివాదానికీ మూలం.

క్రీడా, వినోదమా? భారత్‌లో పాత ప్రశ్న

నేడు అభిమానులు అడుగుతున్న ప్రశ్నను భారత ప్రభుత్వ యంత్రాంగం చాలా ముందే, మరో కోణంలో లేవనెత్తింది. గ్రేటర్ నోయిడాలో రేసు నిర్వహణకు విదేశాలకు చెల్లింపులు జరిపేందుకు 2009లో నిర్వాహకులు అనుమతి కోరారు. ఫార్ములా వన్ పూర్తిగా క్రీడ కాదని, అది వినోదమని, ఈ ప్రయత్నం వాణిజ్యపరమైనదని చెబుతూ కేంద్ర క్రీడల మంత్రిత్వ శాఖ అందుకు నిరాకరించింది. అప్పట్లో మోటారు క్రీడాభిమానులకు అది అవమానంగా తోచింది. నారాయణ్ కార్తికేయన్ 2005లోనే ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన దేశంలో, చెన్నై నుంచి నెల్లూరు వైపు వచ్చే దారిలోని షోలవరం ఎయిర్‌స్ట్రిప్ మీద దశాబ్దాల పాటు రేసులు జరిగిన దేశంలో, ఆ వైఖరి వారికి మింగుడుపడలేదు.

2011లో బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో తొలి రేసు జరిగింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన వినోదపు పన్ను మినహాయింపుపై వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. టికెట్ల రాబడిలో 25 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో జమచేయాలని న్యాయస్థానం ఆదేశించింది. అదే వారాంతంలో గురుగ్రామ్‌లో జరగవలసిన మెటాలికా కచేరీ రద్దయి, ఆగ్రహించిన జనం వేదికను ధ్వంసం చేశారు. రేసు మాత్రం సజావుగా సాగింది. కొసరు విఫలమై అసలు నిలబడిన సందర్భమది. అయినా రెండో ఏడాది నుంచి ప్రేక్షకుల సంఖ్య తగ్గింది. 2013 తరువాత, పన్నుల వివాదాల నడుమ, రేసు తిరిగి రాలేదు. సెబాస్టియన్ వెటెల్ మూడు రేసులూ గెలిచారన్నది రికార్డుల్లో మిగిలింది. ఆ సర్క్యూట్‌ను ఆధారంగా చేసుకుని వచ్చిన ఆదాయం భారత్‌లో పన్ను పరిధిలోకి వస్తుందని 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

దశాబ్దం తరువాత హైదరాబాద్ వంతు వచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరాన సుమారు 2.8 కిలోమీటర్ల దారిలో ఫార్ములా ఈ విద్యుత్ కార్ల రేసు జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ విజేతగా నిలిచారు. సచివాలయం, ఎన్టీఆర్ గార్డెన్స్, లుంబినీ పార్కు మీదుగా రేసు కార్లు దూసుకుపోతుంటే చూడటం నగరవాసులకు కొత్త అనుభవం. అదే సమయంలో రోజుల తరబడి రహదారుల మూసివేత, వాహనాల మళ్లింపు కూడా నగరం భరించిన మూల్యమే. 2024 రేసు ప్రభుత్వం మారిన తరువాత రద్దయింది. ఒప్పందాన్ని ఉల్లంఘించారని నిర్వాహకులు ఆరోపించారు. అంతకుముందు జరిగిన చెల్లింపులపై అవినీతి నిరోధక శాఖ 2024 డిసెంబరులో కేసు నమోదు చేసింది. ఆరోపణలను నాటి పాలకులు ఖండించారు. రాజకీయ వివాదం ఎటు తేలినా, ఒక ప్రశ్న మిగులుతుంది. ప్రజల సొమ్ముతో, ప్రజల రోడ్ల మీద జరిగే రేసు నగరానికి మిగిల్చేది ఒక వారాంతపు వెలుగులేనా, లేక స్థానిక క్రీడాకారులకు ఒక మార్గమా?

దేశీయ రేసుల్లోనూ తారల తళుకు పెరుగుతోంది. ఇండియన్ రేసింగ్ లీగ్ జట్లకు సినీ నటులు, క్రికెటర్లు యజమానులయ్యారు. హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టును నటుడు నాగచైతన్య సొంతం చేసుకున్నారు. తార పేరుతో వచ్చిన ప్రేక్షకుడు డ్రైవర్ పేరు తెలుసుకుని ఇంటికి వెళితే అది క్రీడకు లాభం. యజమానిని మాత్రమే చూసి వెళితే, మరుసటి ఏడాది అతడిని రప్పించడానికి మరింత పెద్ద తార కావాలి.

అభిమానుల మాట చెల్లుతుందా?

చెల్లిన సందర్భాలు ఉన్నాయి. 2014లో చివరి రేసుకు రెట్టింపు పాయింట్లు ఇచ్చారు. విమర్శలు వెల్లువెత్తడంతో ఆ నియమాన్ని ఒక్క ఏడాదికే వదిలేశారు. 2016లో నిర్ణీత వ్యవధికొకరు చొప్పున డ్రైవర్లను తొలగించే కొత్త క్వాలిఫయింగ్ పద్ధతి రెండు రేసులకే మూలనపడింది. అభిమానుల ఓట్లతో కొందరు డ్రైవర్లకు అదనపు శక్తిని ఇచ్చే ‘ఫ్యాన్‌బూస్ట్’ను ఫార్ములా ఈ చాలాకాలం కొనసాగించి, హైదరాబాద్ రేసు జరిగిన సీజన్‌లో వదులుకుంది. అభిమానులకు అధికారం ఇచ్చినట్టు కనిపించే ఆ పద్ధతిని చాలామంది అభిమానులే వ్యతిరేకించారన్నది గమనార్హం. లాస్ వేగాస్‌లో 2025లో రేసును రెండు గంటలు ముందుకు జరిపి రాత్రి 8 గంటలకు మొదలుపెట్టారు. అయితే అదే ఏడాది అక్కడ సాధన విడత మళ్లీ మ్యాన్‌హోల్ మూత కారణంగానే నిలిచిపోయింది.

మరోవైపు పాత సర్క్యూట్లపై ఒత్తిడి కొనసాగుతోంది. స్పా ఇకపై ప్రతి ఏడాదీ ఉండదు. 2028, 2030 సంవత్సరాల్లో అక్కడ రేసు జరగదు. ఇమోలా 2026 జాబితాలో లేదు. ఎక్కువ రుసుము, ఎక్కువ హంగులు అందించగల నగరాలకు చోటు దొరుకుతోంది. 2025 జూలైలో మోటో జీపీ కూడా లిబర్టీ మీడియా చేతుల్లోకి వెళ్లింది. 2023లో బుద్ధ్ సర్క్యూట్‌లో ద్విచక్ర వాహనాల రేసును చూసిన భారతీయ అభిమానులకు ఇక ఈ చర్చ మరింత దగ్గరిది.

పరిష్కారం వినోదాన్ని నిషేధించడం కాదు. కొత్త ప్రేక్షకుడు పాటకు వచ్చినా, ఆటకు వచ్చినా స్వాగతించదగినవాడే. కొన్ని హద్దులను ముందే ప్రకటించడం మాత్రం అసాధ్యమేమీ కాదు. కార్లు పోటీపడుతున్నంతసేపు కెమెరా ట్రాక్ మీదే ఉండాలి. ఎంత భాగం జరగకపోతే టికెట్ డబ్బు ఎంత వాపసు ఇస్తారో కొనేముందే తెలియాలి. రేసును నడిపే అధికారి నిర్ణయాలకు, ప్రసార ఆకర్షణకు ఏ సంబంధమూ ఉండకూడదు. వేదిక మీది దీపాలకంటే ముందు రోడ్డు మీది మూతలను పరీక్షించాలి.

మోటారు రేసు చూసేవాడు ఒక నమ్మకం మీద చూస్తాడు. తన కళ్లముందు మొదట గీత దాటినవాడే గెలిచాడన్న నమ్మకం అది. కచేరీ బాగా లేకపోతే మరుసటి ఏడాది మరో గాయకుడిని పిలవవచ్చు. ఆ నమ్మకం సడలితే తిరిగి తెచ్చే వేదిక ఏదీ లేదు.